ఉదయగిరి ముట్టడిని సినిమాగా తీస్తే

2017 ఫిబ్రవరిలో ‘ఘాజీ’ సినిమా వచ్చినప్పుడు నెల్లూరులో మా పెద్దబావతో కలిసి చూశాను. ఆయన నేవీలో పదిహేనేళ్లు చేసి వచ్చిన మనిషి. పనిచేసింది ఓడల్లోనే, జలాంతర్గామిలో కాదు. అయినా సముద్రం మీద ఎవరేం తీసినా పరీక్ష పేపరు దిద్దినట్టు చూస్తాడు. ఫస్టాఫ్ అంతా నోరు మెదపలేదు. చివర్లో, దెబ్బతిన్న మన జలాంతర్గామిలోని నావికులు జాతీయగీతం పాడి శత్రువును రెచ్చగొట్టే సీను రాగానే నా చెవి దగ్గరికి వంగి, “ఏందబ్బాయ్ ఇది? సబ్‌మెరైన్‌లో స్పానర్ కిందపడినా ప్రమాదమే. వీళ్లేమో కచేరీ పెట్టారు” అన్నాడు. ఆ మాట అంటూనే లేచి నిలబడ్డాడు. సినిమాలో భాగంగా జనగణమన వస్తే ప్రేక్షకులు లేవనక్కర్లేదని సుప్రీంకోర్టు సరిగ్గా ఆ వారమే చెప్పింది. అయినా బావ లేచాడు, చుట్టుపక్కల ఇంకొంతమంది లేచారు. లైట్లు వేసేసరికి ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు.

బయటికొచ్చి టీ తాగుతూ మళ్లీ తప్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇందాక కళ్లు తుడుచుకున్నది నువ్వే కదా అని అడగాలనిపించింది గానీ అడగలేదు.

యుద్ధం సినిమా ఏది వచ్చినా మన దగ్గర రెండు మాటలే వినిపిస్తాయి. ఒకరు ‘చరిత్రను వక్రీకరించారు’ అంటారు. ఇంకొకరు ‘సినిమాను సినిమాలా చూడవయ్యా’ అంటారు. రెండింటిలో ఏది అన్నా మాట అక్కడితో తెగిపోతుంది. నన్నడిగితే చిక్కంతా ‘తప్పు’ అన్న మాటలోనే ఉంది. చొక్కా గుండీ తప్పు పడినా తప్పే అంటాం, గెలిచినవాడి పేరు మార్చినా తప్పే అంటాం. ఈ రెండూ ఒక తక్కెడలో తూగేవి కావు.

ముందు ‘ఘాజీ’ సంగతే చూద్దాం. అసలు ఘాజీ అమెరికా నేవీ కోసం 1944లో తయారైన జలాంతర్గామి. అప్పటి పేరు డయాబ్లో. 1964లో పాకిస్తాన్ దాన్ని అద్దెకు తీసుకుంది. కరాచీ నుంచి బయల్దేరి శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేయగల జలాంతర్గామి 1971 భారత్-పాక్ యుద్ధం నాటికి వాళ్ల దగ్గర అదొక్కటే. దాని గురి మన విమానవాహక నౌక విక్రాంత్ మీద. విక్రాంత్‌కు బాయిలర్ సమస్య ఉంది, పూర్తి వేగంతో పోలేదు. అందుకని తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దాన్ని గుట్టుగా అండమాన్ వైపు పంపేసి, అది విశాఖ దగ్గరే ఉందని ఘాజీ నమ్మేటట్టు నాటకం ఆడించాడు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ విక్రాంత్ వేషం కట్టింది. పెద్ద ఓడకు సరిపోయేంత వైర్‌లెస్ సందేశాలు అది ఒక్కటే పంపింది. ఎక్కడో సముద్రంలో ఉన్న ఓడ కోసం మాంసం, కూరగాయలు భారీగా ఆర్డరు పెట్టి, ఆ కబురు ఊరంతా పొక్కేలా చూశారు. విక్రాంత్‌లో ఉన్న ఓ నావికుడు జబ్బుపడ్డ తల్లి ఎలా ఉందో కనుక్కుంటున్నట్టు ఒక మామూలు టెలిగ్రామ్ కూడా కొట్టించారు.

డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ రాజ్‌పుత్ రేవు దాటి వస్తూ నీళ్లలో ఏదో అలికిడి అనుమానించి రెండు డెప్త్ చార్జీలు, అంటే నీళ్లలోపల పేలే బాంబులు, వదిలింది. కాసేపటికి విశాఖ తీరంలో ఇళ్ల కిటికీలు అదిరేంత పేలుడు. ఘాజీ మునిగిపోయింది, లోపలున్న తొంభై మందికి పైగా చనిపోయారు. దాన్ని ముంచింది రాజ్‌పుతేనని మన నేవీ అంటుంది. తను పరిచిన మైను తనకే తగిలిందనో, లోపలే ఏదో పేలిందనో పాకిస్తాన్ అంటుంది.

ఇక సినిమాలో రాజ్‌పుత్‌కు ఆ ఘనత దక్కలేదు. ఎస్-21 అనే మన జలాంతర్గామి రహస్యంగా వెళ్లి, ఘాజీతో నీళ్లకింద దోబూచులాడి, చివరికి టార్పెడోతో ముంచేస్తుంది. ‘మీకు తెలియని యుద్ధం’ అని ప్రచారం చేశారు. చాలా తెలివైన మాట. రహస్యంగా జరిగిందన్నాక, రికార్డుల్లో లేదే అని అడిగేవాడి నోరు ముందే మూసినట్టయింది.

ఎందుకు మార్చారో ఊహించడం కష్టం కాదు. అసలు కథలో క్లైమాక్స్ చీకట్లో జరిగింది. ముంచినవాడికే ముంచానో లేదో ఖాయంగా తెలియదు. ‘ఏమో, ఎవరి వల్ల పేలిందో’ అని ముగిస్తే టికెట్టు కొన్నవాడు ఊరుకుంటాడా? పైగా రాజ్‌పుత్ ఓడ మీది మనుషులకు ఘాజీ కనిపించదు, ఘాజీలోవాళ్లకు వీళ్లు కనిపించరు. ఎదురుబొదురుగా ఇద్దరు కెప్టెన్లు లేకపోతే డ్రామా ఎక్కణ్నుంచి వస్తుంది? రెండు జలాంతర్గాముల్ని ఎదురెదురు పెట్టడంతో ఆ చిక్కు తీరిపోయింది. పనితనంగా చూస్తే మంచి నిర్ణయమే. ఆ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు రావడం నాకేం ఆశ్చర్యం అనిపించలేదు.

జలాంతర్గామిలో పాట సంగతికి వస్తే, అది నిజం కాకపోయినా దాని వల్ల ఎవరికీ నష్టం లేదని నా ఉద్దేశం. అందరూ తెలుగులో మాట్లాడుకోవడం లాంటిదే అది. చూసేవాడు అక్కడ ఒక ఒప్పందం మీద కూర్చుని ఉంటాడు. నాటకంలో రాజు పద్యం ఎత్తుకుంటే రాజులు రాగం తీస్తూ మాట్లాడేవారని ఎవడూ అనుకోడు. నా బాధల్లా ఆ కూరగాయల ఆర్డరు పోయిందే అని. ఆ యుద్ధంలో గెలిచింది అబద్ధం. ఒక ముసలి ఓడ, నాలుగు దొంగ సందేశాలు, ఒక దొంగ టెలిగ్రామ్. అంత పసందైన కథను పక్కనబెట్టి టార్పెడోలు ఎంచుకున్నారు. ఇప్పుడు మా వీధిలో పిల్లల్ని ఘాజీని ఎవరు ముంచారని అడిగితే ఎస్-21 అంటారు. రాజ్‌పుత్ పేరు చెప్పినవాడు నాకింతవరకు ఒక్కడూ తగల్లేదు.

ఇదంతా మళ్లీ గుర్తుకు రావడానికి కారణం మా మేనల్లుడు. ఉదయగిరి ముట్టడి మీద ఒక షార్ట్ ఫిల్మ్ తీస్తానని పట్టుబట్టాడు. నెల్లూరు నుంచి సంగం, ఆత్మకూరు మీదుగా వంద కిలోమీటర్లు పోతే ఉదయగిరి. 3,000 అడుగులు దాటిన కొండ, దానిమీద కోట. లొకేషన్ చూసొద్దామని వాణ్నీ వాళ్ల నాన్ననీ, అదే మా పెద్దబావనీ, వెంటబెట్టుకుని వెళ్లాను.

కొండ మొదట్లోనే వాడి కెమెరా ఆగిపోయింది. ఎటు తిప్పినా కంపచెట్లే, మన సర్కారు తుమ్మ. అది మన దేశానికి వచ్చింది పందొమ్మిదో శతాబ్దంలో. ఒడిశా గజపతి రాజు చేతిలో ఉన్న ఈ కోట కోసం కృష్ణదేవరాయలు కొండ కిందికి దండుతో వచ్చింది 1513లో. అంటే ఆయన ఒక్క కంపముల్లు కూడా తొక్కి ఉండడు. దారిలో కనిపించిన జామాయిల్ తోటలూ అంతే, తెల్లదొరల కాలంలో వచ్చిన చెట్లు. కొండమీద ఇప్పుడు కనిపించే మసీదు గోల్కొండవాళ్లు ఈ కోటను పట్టుకున్న తర్వాతది. సెల్ టవర్‌నైతే కంప్యూటర్‌లో చెరిపేయొచ్చు. చెట్లన్నీ చెరిపేయాలంటే వాడి బడ్జెట్టుకు అయ్యే పనేనా?

భోజనాల దగ్గర ఇంకో గొడవ. స్క్రిప్టులో సైనికులు రాత్రి మంట చుట్టూ కూర్చుని సంగటిలో మిరపకాయ నంజుకుంటూ, చుట్ట కాల్చుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు. చదవడానికి భలే ఉంది. సంగటికి ఇబ్బంది లేదు, మన వైపు జొన్నలు, సజ్జలు, రాగులు ఎప్పటివో. మిరపకాయ మాత్రం అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చిన సరుకు. రాయల దండుకు కారం కావాలంటే మిరియాలే దిక్కు. పొగాకు ఇంకా తర్వాత వచ్చింది. ఒంగోలు, కందుకూరు వైపు వాళ్లకు ఇది చెబితే నమ్మరు, పొగాకు బారన్లు లేని ఊరు ఒకప్పుడు ఉండేదంటే వాళ్లకు వింతే.

ఇక రాజు వేషం. మన సినిమాల పుణ్యమాని రాయలంటే మనకు కళ్లముందు మెరిసే కిరీటం, మెలితిప్పిన మీసం, పాలరాతి ముఖం. ఆయన కాలంలోనే హంపి వచ్చి కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయస్ వేరే రాశాడు. మధ్యరకం ఎత్తు, మంచి రంగు, సన్నం కంటే కాస్త లావు, ముఖం మీద స్ఫోటకం మచ్చలు. తలమీద జరీ కుళ్లాయి. సరదా మనిషే గానీ ఉన్నట్టుండి కోపం వస్తుందట. తిరుమలలో రాణులిద్దరి మధ్య నిలబడ్డ రాయల విగ్రహం మీరు చూసే ఉంటారు. దాని తలమీదా పొడుగాటి కుళ్లాయే, కిరీటం కాదు. మేనల్లుడు ఫోన్‌లో ఫొటో చూసి మొహం చిట్లించాడు. “మామా, ఈ టోపీ పెడితే జనం నవ్వుతారు” అన్నాడు. నిజమే, నవ్వుతారు. ఎందుకు నవ్వుతారంటే ముందు తీసినవాళ్లంతా కిరీటం పెట్టారు గనక. ఒక సినిమాలో దొర్లిన పొరపాటు తర్వాతి సినిమాకు రూలు అయి కూర్చుంటుంది. చరిత్ర తెలిసి కూడా తెలియనట్టు తీయాల్సిన పరిస్థితి ఇలాగే వస్తుంది.

ఇలాంటివన్నీ నా లెక్కలో గుండీ తప్పులు. సరిచేస్తే సంతోషం, చేయలేకపోతే కొంప మునగదు. మచ్చలున్న ముఖాన్ని పెట్టి, కుళ్లాయి తొడిగి తీసే ధైర్యం ఎవరికైనా ఉంటే మొదటి టికెట్టు నేనే కొంటాను.

అసలు చిక్కు కాలంతో వస్తుంది. ఉదయగిరి ముట్టడి పూర్తవడానికి ఏడాదిన్నర పట్టింది, 1514లో గానీ కోట చేతికి రాలేదు. సినిమాలో దాన్ని ఏం చేస్తారు? నాలుగు షాట్లు, ఒక పాట, కిందో అక్షరాల పట్టీ, తర్వాత యుద్ధం. మా వాడి స్క్రిప్టులోనూ ముట్టడికి రెండు నిమిషాలు, కత్తియుద్ధానికి పన్నెండు. నేనది చూసి ఊరుకోలేకపోయాను. ముట్టడి అంటేనే కాచుక్కూర్చోవడం. ఫెర్నావ్ నూనిజ్ అని ఇంకో పోర్చుగీసువాడు, గుర్రాల వ్యాపారి, ఈ కథ రాసిపెట్టాడు. రాయల దగ్గర 34,000 కాల్బలం, 800 ఏనుగులు. కోటలో ఉన్నది 10,000 మంది, 400 గుర్రాలు. అంతకుమించి అక్కర్లేదట, ఎందుకంటే ఆ కోటను ఆకలితో మాడ్చి లొంగదీసుకోవాలే తప్ప ఇంకో దారి లేదట. పైకి పోవడానికి ఉన్నది ఒకటే బాట, అదీ ఒక్కో మనిషి ఒక్కోసారి నడవగలిగేంత సన్నం. రాయలు కొండలు తొలిపించి, పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి, ఆ బాటను వెడల్పు చేయించాడు. అలాంటివి ఇంకా కొన్ని వేయించాడు.

ఆ సంఖ్యలు నూటికి నూరుపాళ్లు నిజమని నేననను. పాతకాలపు రాతల్లో సైన్యాల లెక్కలు కొంచెం ఉబ్బే ఉంటాయి. నేను పట్టుకున్నది బండల సంగతి. నలభయ్యేళ్ల కిందట స్కూలు పిల్లలుగా మేం ఈ కొండెక్కినప్పుడు ఒక మలుపు దగ్గర బండమీద చెయ్యి పెట్టి అరిచాను, అంత కాలిపోతోంది. మొన్న మే నెలలో అదే మలుపు దగ్గర మా బావ తలకు తువ్వాలు చుట్టుకుని, బాటిల్లో మిగిలిన నీళ్లు ముఖాన కొట్టుకుని కూలబడ్డాడు. ఆ ఎండలో సమ్మెట పట్టుకుని ఏడాదిన్నర రాళ్లు కొట్టిన మనుషులున్నారు కదా, ఉదయగిరిని గెలిచింది వాళ్లు. గుర్రమ్మీద కత్తి తిప్పినవాడు ఆఖర్న వచ్చాడు.

ఇక్కడే కల్పనకు చోటుంది. వాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. బండను ఎలా పగలగొట్టారో నూనిజ్ రాయలేదు. బండమీద మంటపెట్టి, బాగా కాలాక నీళ్లు పోసి చీల్చే పద్ధతి మన వైపు రాతిపనివాళ్లకు తెలిసిందే. సినిమాలో అలా చూపిస్తే నేను తప్పనను. కాలంలో ఇమిడేదే, మనుషులకు తగిందే, జరిగినదాన్ని తోసెయ్యదు. ఒక తండ్రిని పెట్టండి, ఒక కొడుకుని పెట్టండి, కొడుకు చెయ్యి నలిగిపోయిందని రాయండి. దానికి ఎవడూ సాక్ష్యం అడగడు. రికార్డు ఖాళీగా వదిలిన చోట రాసుకోవడానికీ, రికార్డులో ఉన్న పేరు చెరిపి ఇంకో పేరు రాయడానికీ చాలా తేడా ఉంది.

ఏనుగుల గురించి మేనల్లుడితో చిన్న పేచీ వచ్చింది. వాడికి ఏనుగులు కోట తలుపు బద్దలుకొట్టే సీను కావాలి. ఒక్క మనిషి పట్టే బాటలో ఏనుగు ఎట్లా ఎక్కుద్దిరా అని వాళ్ల నాన్నే అడిగాడు. ఆ సీను అక్కడితో పోయింది.

ప్రేమకథ లేకుండా ఎలా అన్నది తర్వాతి ప్రశ్న. గజపతితో సంధి కుదిరాక ఆయన కూతుర్ని రాయలు పెళ్లాడాడు. కంభం చెరువు కట్టించింది ఆ గజపతుల ఆడపడుచేనని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. సినిమావాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? కోట బురుజు మీద రాకుమారి, కింద గుర్రమ్మీద రాయలు, చూపులు కలుస్తాయి. కానీ పెళ్లి ముట్టడి తర్వాత కొన్నేళ్లకు, కళింగ యుద్ధం మొత్తం ముగిశాక జరిగింది. చూపుల సీనును ముందుకు లాగితే యుద్ధానికి కారణమే మారిపోతుంది. రాజ్యం కోసం, తూర్పు తీరం కోసం జరిగిన యుద్ధం కాస్తా అమ్మాయి కోసం జరిగినట్టవుతుంది. గుండీ తప్పుకూ అసలు తప్పుకూ మధ్య గీత నాకు ఇక్కడ కనిపిస్తుంది. తేదీ మారినా పర్లేదు, ఎవరు ఎందుకు చేశారన్నది మారితే అది ఇంకో యుద్ధం.

ఎవరి వైపు నిలబడి తీస్తారన్నది ఇంకో సంగతి, దీనికి తప్పొప్పులతో పనే లేదు. ఇందుకు మన నెల్లూరు సీమలోనే పాత ఉదాహరణ ఉంది. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి నెల్లూరు ఏలుతున్నప్పుడు గొల్లల నాయకుడు కాటమరాజు కరువుకు తాళలేక ఆలమందల్ని తోలుకుని మేతకు ఇటు వచ్చాడు. మేపినందుకు పుల్లరి కట్టాలని ఒప్పందం. మధ్యలో గొల్లల బాణానికి ఒక రాచచిలుక చచ్చిందనీ, అక్కణ్నుంచి మాటా మాటా పెరిగిందనీ కథ. పుల్లరి ఆగిపోయింది, పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాడు దగ్గర యుద్ధం జరిగింది. నెల్లూరు సేనకు నాయకుడు ఖడ్గతిక్కన, మన కవి తిక్కనకు దాయాది.

ఈ యుద్ధం రెండు రకాలుగా మిగిలింది. కొమ్ములవాళ్లు కొమ్ము ఊది గొల్లల ఇళ్ల ముందు రాత్రుళ్లు పాడిన కథలో హీరో కాటమరాజు. చాటుపద్యాల్లో హీరో ఖడ్గతిక్కన. మొదటిసారి ఓడి ఇంటికొస్తే భార్య నులకమంచం అడ్డంపెట్టి, పసుపు ముద్ద పక్కన పెట్టి, ఆడవాళ్లం ముగ్గురమయ్యాం, వచ్చి నీళ్లు పోసుకోమంటుంది. తల్లి విరిగిన పాలతో అన్నం పెట్టి, పసులూ విరిగాయి, తిక్కా, పాలూ విరిగాయి అంటుంది. యుద్ధం నుంచి వెనుదిరిగినా విరగడమే, పాలు పాడైనా విరగడమే. ఒక్క క్రియాపదంతో కొడుకును చావుకు పంపిన తల్లి ఆవిడ. తిక్కన మళ్లీ వెళ్లి పోరాడి చచ్చిపోయాడు.

ఆ పూట వంటింట్లో ఏం మాటలు దొర్లాయో ఎవరు విన్నారు? ఎవరూ వినలేదు. ఆ పద్యం కవి కట్టిన సీను. అయినా అది జరిగినదాన్ని తలకిందులు చెయ్యలేదు, తిక్కన ఓడాడు, వెళ్లాడు, పోయాడు. కొమ్ముకథ పాడినవాడూ పుల్లరి పేచీని దాచలేదు, కాకపోతే దాన్ని ఆకలితో ఉన్న మందల వైపు నుంచి చూశాడు. ఒకే యుద్ధానికి ఇద్దరు దర్శకులు అనుకోండి. రెండూ విన్నవాడికి ఆ యుద్ధం బాగా తెలుస్తుంది. ఒక్కటే విన్నవాడికి విలన్ ఒకడు తయారవుతాడు. ఉదయగిరి సినిమాలోనూ అంతే, కోటలో ఆకలికి మాడినవాళ్లలో తెలుగువాళ్లు లేరా? ఏడాదిన్నర తిండిగింజలు లెక్కపెట్టుకున్న గజపతి సైనికుడి వైపు కెమెరా ఒక్క పది నిమిషాలు తిరిగితే, దేశభక్తి పలచబడిపోతుందని నేననుకోను.

కొండ దిగి బస్టాండు దగ్గర టీ తాగుతూ కూర్చున్నాం. క్లైమాక్స్ ఏం పెడదాం మామా అని మేనల్లుడు అడిగాడు. నా దగ్గర సిద్ధంగా ఉంది. కోట పడ్డాక గజపతి మేనత్తో పినతల్లో, ఓ పెద్దావిడ బందీగా దొరికిందనీ, ఆవిణ్ని సకల మర్యాదలతో తీసుకెళ్లారనీ నూనిజ్ రాశాడు. చూడు, ఏడాదిన్నర రాళ్లు కొట్టి వేసిన ఆ వెడల్పాటి బాట మీద మొదటిసారి దిగివచ్చేది ఒక ముసలావిడ. బాటకు అటూ ఇటూ సమ్మెటలు పట్టుకుని కూలీలు నిలబడి చూస్తుంటారు. డైలాగు ఒక్కటీ వద్దు. అంతే, సినిమా అయిపోయింది.

వాడికి బాగా నచ్చింది. బావ గ్లాసు కింద పెట్టాడు.

“శాసనాల్లో పట్టుబడింది గజపతి పినతండ్రి తిరుమల రౌతురాయలని పొద్దున కార్లో చెప్పింది నువ్వే కదబ్బాయ్?”

“అవును.”

“శాసనం అప్పటిది. ఆ గుర్రాలవాడు రాసింది?”

“ఇరవయ్యేళ్ల తర్వాత, విని రాశాడు.”

“అంటే మగమనిషి పేరు తీసేసి ఆడమనిషిని పెడుతున్నావు. బాగుంటుందని. మరి ఆ ఘాజీ వాళ్లను ఇన్నేళ్లుగా ఎందుకు తిడుతున్నావు?”

ఇద్దర్నీ దింపితే పోలా అన్నాను. పల్లకీలు రెండు కావాలి, అద్దె ఎక్కువవుతుందన్నాడు మేనల్లుడు.